మందుకు లొంగని క్రిములు: పరిశోధనల పట్టికలు చెప్పని సంగతులు

పశువైద్య పరిశోధన పత్రికలను తిరగవేసినవారికి ఒక పట్టిక తరచుగా కనిపిస్తుంది. ఎడమవైపు మందుల పేర్లు ఉంటాయి: ఆంపిసిలిన్, ఆక్సిటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్. కుడివైపు శాతాలు ఉంటాయి. ఫలానా క్రిమి ఫలానా మందుకు ఇంత శాతం లొంగినది, ఇంత శాతం లొంగలేదు అని ఆ పట్టిక చెబుతుంది. మందులను విచక్షణతో వాడవలెనన్న హితవుతో వ్యాసం ముగుస్తుంది.

ఇటువంటి పట్టికలు అబద్ధం కావు. వాటి వెనుక ప్రయోగశాలలో నెలల తరబడి చేసిన శ్రమ ఉన్నది. కాని అవి ఏ ప్రశ్నకు సమాధానం చెబుతున్నవి, ఏ ప్రశ్నను వదలిపెడుతున్నవి అని విచారించడం అవసరం. దక్షిణ తెలంగాణ మెట్టప్రాంతం, అనగా పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు, ఈ విచారణకు తగిన స్థలం.

2016లో జరిగిన పునర్విభజనతో ఈ రెండు జిల్లాలు పలు చిన్న జిల్లాలైనవి. ఐనా నేల మారలేదు, బ్రతుకు మారలేదు. సంవత్సరానికి సుమారు 600 నుండి 750 మిల్లీమీటర్ల వర్షం, ఎర్ర చెలక నేలలు, నమ్మకం లేని పంట. అటువంటి చోట గొర్రె, మేక, పాడిగేదె రైతుకు ఆపద్ధనం వంటివి. పంట పోయిన ఏడు రెండు గొర్రెలను అమ్మి ఇల్లు గడుపుకొనే కుటుంబాలు ఇక్కడ అనేకం. 2012 పశుగణన నాటికి తెలంగాణలో గొర్రెలు సుమారు 1 కోటి 28 లక్షలు. 2017లో ప్రభుత్వం 75 శాతం రాయితీపై, 20 గొర్రెలు ఒక పొట్టేలు చొప్పున, గొర్రెలను పంపిణీ చేయ మొదలుపెట్టినది. 2019 గణనలో ఆ సంఖ్య సుమారు 1 కోటి 90 లక్షలకు చేరి, గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటి స్థానం పొందినది. పాలమూరు మందలకు ఈ సంపదలో పెద్ద వాటా ఉన్నది. ఇక హైదరాబాదుకు దగ్గరగా ఉన్న భువనగిరి, చౌటుప్పల్ ప్రాంతాలలో కోళ్ళ షెడ్లు, పాడిపశువులు అధికం.

పశువుకు జబ్బు చేసినప్పుడు వేసిన మందు పని చేయకపోతే నష్టపడేది ఈ కుటుంబాలే. ఆ లొంగని క్రిమి పాల ద్వారానో, మాంసం ద్వారానో, పెంటతోనో మనిషిని చేరితే నష్టం ఊరంతటిది. కనుక ఈ పరిశోధనలను నిశితంగా పరీక్షించడం తప్పులెన్నడం కాదు.

క్రిమి మందును ఎట్లా ఎదిరిస్తుంది?

విమర్శకు ముందు విషయం కొంత తెలిసి ఉండవలెను. పేగులలో నివసించే ఇ. కోలై అనే బాక్టీరియా అనుకూల పరిస్థితులలో సుమారు 20 నిమిషాలకు ఒకసారి రెండుగా చీలుతుంది. ఆ లెక్కన ఒకే ఒక్క క్రిమి 7 గంటలలో 21 సార్లు రెట్టింపై, సుమారు 21 లక్షల క్రిములవుతుంది. ఇన్ని చీలికలలో ఎక్కడో ఒకచోట జన్యువులో చిన్న మార్పు జరుగుతుంది. ఆ మార్పు వలన ఒక క్రిమి మందును తట్టుకొనగలిగినదనుకుందాం. మందు లేనిచోట ఆ గుణం వలన దానికి విశేష లాభం లేదు. మందు ఉన్నచోట తక్కినవన్నీ నశించి, అది ఒక్కటే మిగిలి పెరుగుతుంది. మందు ఆ గుణాన్ని సృష్టించదు. ఉన్న గుణాన్ని ఏరి నిలబెడుతుంది. చేనిలో గట్టి విత్తనాన్ని ఏరి ఉంచే రైతు చేసే పనినే ఇక్కడ మందు చేస్తున్నది.

ఎదిరించే విధానాలు ప్రధానంగా మూడు. కొన్ని క్రిములు మందును ముక్కలు చేసే ఎంజైములను తయారు చేస్తాయి. పెనిసిలిన్‌ను విరిచే బీటా-లాక్టమేజ్ అటువంటిది. కొన్ని లోపలికి వచ్చిన మందును బయటికి తోడివేస్తాయి. మరికొన్ని మందు పట్టుకొనే చోటు ఆకారాన్నే మార్చుకుంటాయి. వీటన్నిటికన్న ఆందోళన కలిగించేది మరొకటి ఉన్నది. ఈ గుణాలను మోసే ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఏ. వలయం ఒక క్రిమి నుండి మరొక జాతి క్రిమికి కూడా పోగలదు. 1950 దశాబ్దం చివరలో జపానులోని శాస్త్రజ్ఞులు రక్తవిరేచనాల క్రిములలో దీనిని గుర్తించినారు. అందుచేత కోడి పేగులోని నిరపాయమైన క్రిమి సంపాదించిన గుణం, మనిషిలో రోగం కలిగించే క్రిమికి సంక్రమించే మార్గం ఉన్నది.

ఈ కథలో తెలుగువారికి సంబంధించిన ఒక ఘట్టం ఉన్నది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు అధిపతిగా ఉన్న కాలంలో, అక్కడి బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక జీవి నుండి ఆరియోమైసిన్‌ను వేరుచేసినాడు. 1948లో లోకానికి వెల్లడియైన ఈ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి మొదటిది. సుబ్బారావు అదే సంవత్సరం మరణించినాడు. కొద్దికాలానికే ఆ ప్రయోగశాలలోని స్టోక్‌స్టాడ్, జ్యూక్స్ అనే శాస్త్రజ్ఞులు, కోడిపిల్లల మేతలో ఈ మందు స్వల్పంగా కలిసినప్పుడు అవి త్వరగా పెరుగుతున్నట్లు కనుగొన్నారు. మందు రోగం లేని పశువుల మేతలోకి ప్రవేశించిన చరిత్ర అక్కడ మొదలైనది. ఎన్నో ప్రాణాలను నిలబెట్టిన మందు, మేతలో చేరినందువలన తన పదును తానే పోగొట్టుకొనే దారి పట్టినది.

పరిశోధనలు సాధించినది

హైదరాబాదులోని రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల తెలంగాణలో ఈ విద్యకు కేంద్రం. 2014లో ఏర్పడిన పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయంలో అది ఇప్పుడు భాగం. కోరుట్ల, మామునూరులలోను కళాశాలలున్నవి. జాతీయస్థాయిలో, భారత వ్యవసాయ పరిశోధనా మండలి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహకారంతో ఇన్ఫార్ అనే ప్రయోగశాలల కూటమిని నడుపుతున్నది. చేపలు, పశువులలోని క్రిములు మందులకు ఎంతవరకు లొంగుతున్నవో వివిధ రాష్ట్రాలలో ఒకే పద్ధతిలో పరీక్షించడం దాని ఉద్దేశం. 2019 నుండి 2022 వరకు సేకరించిన ఫలితాలు నివేదికగా వెలువడినవి.

ఒకే పద్ధతి అన్నది చిన్న విషయం కాదు. సాధారణంగా జరిగే పరీక్షలో ఒక గాజుపళ్ళెంలోని పోషక పదార్థంపై క్రిములను పరచి, మందు అద్దిన కాగితపు బిళ్ళలను అమర్చుతారు. మరునాటికి బిళ్ళ చుట్టూ క్రిములు పెరగని వలయం ఏర్పడుతుంది. ఆ వలయం వ్యాసాన్ని మిల్లీమీటర్లలో కొలిచి, నిర్ణీత కొలతకన్న తక్కువైతే ఆ క్రిమి లొంగనిదని నిర్ణయిస్తారు. 1966లో బాయర్, కిర్బీ ప్రభృతులు స్థిరపరచిన ఈ పద్ధతి చవకైనది, నమ్మదగినది. ఐతే పోషకపదార్థం మందం మారినా, క్రిముల సంఖ్య మారినా వలయం మారుతుంది. కనుక అన్నిచోట్ల ఒకే తీరున చేయడం వలన ఒక ప్రయోగశాల అంకెను మరొక ప్రయోగశాల అంకెతో పోల్చడానికి వీలు కలిగినది. ఇది మెచ్చుకొనదగిన పురోగతి. లోటు బిళ్ళల పరీక్షలో అంతగా లేదు. అది పరీక్షకు ముందు, పరీక్షకు తరువాత ఉన్నది.

మొదటి లోటు: శాతం వెనుక సంఖ్య

ఒక వ్యాసంలో 20 నమూనాలలోని క్రిములను పరీక్షించగా 12 లొంగలేదని తేలినదనుకుందాం. 60 శాతం లొంగలేదని పట్టిక చెబుతుంది. గణితశాస్త్రం ప్రకారం ఇంత చిన్న లెక్కతో నిజమైన శాతం సుమారు 36 నుండి 81 వరకు ఎక్కడైనా ఉండవచ్చును. అదే 200 నమూనాలలో 120 లొంగకపోతే, ఆ అవధి సుమారు 53 నుండి 67 వరకు కుదించుకొనిపోతుంది. రెండుచోట్లా శాతం 60 మాత్రమే. రెండింటి విలువ ఒకటి కాదు. ఈ అవధిని పట్టికలో చూపడానికి అదనపు ఖర్చేమీ లేదు. ఐనా చాలా వ్యాసాలు దానిని చూపవు.

మరొక చిక్కు ఉన్నది. ఒకే షెడ్డులోని 20 కోళ్ళు ఒకే నీరు త్రాగి, ఒకే మేత తిని, ఒకదాని పెంట మరొకటి తొక్కుతూ పెరుగుతాయి. వాటి క్రిములు దాదాపు ఒకే కుటుంబానివి. ఆ 20 నమూనాలను 20 స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కించడం, ఒకే ఇంటిలోని 20 మందిని అడిగి ఊరి అభిప్రాయం తెలిసినదనడం వంటిది. 20 షెడ్ల నుండి ఒక్కొక్క కోడి చొప్పున తీసుకున్న లెక్క ఇంతకంటె ఎంతో మేలైనది.

రెండవ లోటు: నమూనా ఎక్కడిది?

ప్రయోగశాలకు దగ్గరగా ఉన్నవే నమూనాలలో ఎక్కువగా చేరడం సహజం. నగరపు మాంసం దుకాణాలు, వధశాలలు, కళాశాల ఆసుపత్రికి వచ్చిన పశువులు, పెద్ద డెయిరీలు సులభంగా అందుతాయి. ఆసుపత్రికి వచ్చిన పశువు చాలాసార్లు అప్పటికే రెండు మూడు మందులు వాడి గుణం కనిపించక వచ్చినది. దానిలో లొంగని క్రిములు ఎక్కువగా ఉండటంలో ఆశ్చర్యం లేదు. ఆ అంకెను జిల్లాలోని పశువులన్నిటికీ అన్వయించడం పొరపాటు.

పాలమూరు గొల్ల కురుమల మందలు ఎండాకాలంలో మేత వెతుక్కుంటూ నల్లమల అడవులకు, కృష్ణా తీరానికి వలసపోతాయి. వందల గొర్రెలతో రోజుకొక చోట మకాం వేసే కాపరికి పశువైద్యశాల దారిలో తగిలితే తగులుతుంది, లేకపోతే లేదు. సంచిలోని సూది, సీసా అతని వైద్యశాల. ఇట్లాంటి మందలలోని క్రిములు మందులకు ఎంతవరకు లొంగుతున్నవి? నగరపు దుకాణంలో తీసిన నమూనా ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు. గొర్రెల సంఖ్యలో దేశానికి తలమానికమైన రాష్ట్రంలో, దారిలో ఉన్న మందను వెంబడించి సంవత్సరం పొడుగునా పరిశీలించే పని పరిశోధన ప్రణాళికలలో ముందు వరుసలో ఉండవలసినది.

మూడవ లోటు: వాడిన మందు లెక్క లేదు

అన్నిటికన్న పెద్ద లోటు ఇది. క్రిమి లొంగలేదని పట్టిక చెబుతుంది. ఆ పశువుకు అంతకుముందు ఏ మందు, ఎంత మోతాదులో, ఎన్ని రోజులు, ఎవరు ఇచ్చినారన్నది చాలా వ్యాసాలలో ఉండదు. కారణం నమోదు కానప్పుడు ఫలితాన్ని ఎంత సూక్ష్మంగా కొలిచినా నివారణకు దారి దొరకదు.

ఇందుకు ఒక చక్కని ప్రయోగాన్ని ఉదాహరణగా చెప్పవచ్చును. అమెరికాలో బోస్టన్ నగరానికి సమీపంలోని ఒక కోళ్ళ క్షేత్రంలో స్టువర్ట్ లెవీ, అతని సహచరులు చేసిన ప్రయోగం 1976లో ప్రచురితమైనది. కోళ్ళను రెండు భాగాలుగా చేసి, ఒక భాగానికి టెట్రాసైక్లిన్ తరగతి మందు కలిపిన మేతను, మరొక భాగానికి మామూలు మేతను పెట్టినారు. వారం రోజులలోనే మందు తిన్న కోళ్ళ పేగులలోని క్రిములు దాదాపు అన్నీ ఆ మందుకు లొంగనివైనవి. ఐదారు నెలలకు ఆ క్షేత్రంలో నివసించే మనుషుల మల నమూనాలలో 31.3 శాతం వాటిలో లొంగని క్రిములదే అధిక భాగం. ఇరుగుపొరుగు వారిలో ఇట్టివి 6.8 శాతమే. ఇక్కడ పోల్చడానికి మందు తినని కోళ్ళున్నవి, పొరుగు కుటుంబాలున్నవి. కారణం, ఫలితం రెండూ ఒకే కాగితం మీద ఉన్నవి. అందువల్లనే ఆ వ్యాసం నేటికీ చెప్పుకొనబడుతున్నది.

ఇటువంటి పని ఈ దేశంలో అసాధ్యమేమీ కాదు. 2017లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పంజాబులోని 18 కోళ్ళ ఫారాలలో 530 కోళ్ళ నుండి 1,556 ఇ. కోలై క్రిములను పరీక్షించినారు. మాంసపు కోళ్ళను, గ్రుడ్ల కోళ్ళను వేరువేరుగా లెక్కించినారు. పెనిసిలిన్ వంటి అనేక మందులను విరిచే శక్తివంతమైన ఎంజైములు గల క్రిములు మాంసపు కోళ్ళలో 87 శాతం, గ్రుడ్ల కోళ్ళలో 42 శాతం కనిపించినవి. ఒక్క పోలికతో పెంపకపు పద్ధతిని పట్టి ఫలితం మారుతున్నదని తేటపడినది. భువనగిరి వైపు షెడ్లలోను, షాద్‌నగర్ వైపు షెడ్లలోను ఇదే తీరున పరిశీలించి, మేతలోను నీటిలోను ఇచ్చిన మందుల వివరం కూడా చేర్చితే, ఫలితం రైతుకు నేరుగా ఉపయోగపడుతుంది.

డెన్మార్కు 1995 నుండి ఈ పనిని ప్రతి సంవత్సరం చేస్తున్నది. పశువులకు, మనుషులకు వాడిన మందుల పరిమాణాన్ని, క్రిముల నిరోధాన్ని ఒకే నివేదికలో పక్కపక్కన ప్రచురిస్తున్నది. ఒక మందు వాడకం తగ్గిస్తే నిరోధం తగ్గినదా లేదా అని ఆ దేశంలో ఎవరైనా చూచి చెప్పవచ్చును.

నాలుగవ లోటు: క్రిమి ఏ దారిన వచ్చినది?

పశువులో లొంగని క్రిమి కనిపించగానే, పశువుకు మందు ఎక్కువగా ఇచ్చినారని తేల్చివేయడం పరిపాటి. నల్లగొండ ప్రాంతంలో ఈ తీర్పు తొందరపాటు కావచ్చును. ఇందుకు కారణం మూసీ.

హైదరాబాదు గుండా ప్రవహించి, నగరపు మురుగును మోసుకుంటూ మూసీ నది పోచంపల్లి, వలిగొండ ప్రాంతాలను దాటి, సూర్యాపేట సమీపంలోని మూసీ జలాశయాన్ని నింపి, వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. దాని నీటితో గడ్డి పెరుగుతుంది. ఆ గడ్డిని పాడిపశువులు మేస్తాయి. హైదరాబాదు పరిసరాలు మందుల తయారీకి ప్రపంచ ప్రసిద్ధి పొందినవి. 2007లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, పటాన్‌చెరు వద్ద పరిశ్రమల వ్యర్థజలాన్ని శుద్ధిచేసే కేంద్రం నుండి వెలువడే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేలినది. చికిత్స పొందే రోగి రక్తంలో ఉండే పరిమాణాన్ని మించిన మోతాదు ఇది. 2016 చివరలో జర్మనీ శాస్త్రజ్ఞులు మూసీ నదితో సహా హైదరాబాదు పరిసరాలలో 28 చోట్ల నీటి నమూనాలు సేకరించినారు. వాటిలో 95 శాతానికి పైగా నమూనాలలో బలమైన మందులకు లొంగని క్రిములు కనిపించినవని 2017లో ప్రకటించినారు.

పశువులకు వాడే ఎన్రోఫ్లాక్సాసిన్, మనుషులకు వాడే సిప్రోఫ్లాక్సాసిన్ ఒకే కుటుంబానివి. పశువు శరీరంలో మొదటిది కొంతవరకు రెండవదిగా మారుతుంది కూడా. ఒకదానికి లొంగని క్రిమి సాధారణంగా రెండవదానికీ లొంగదు. ఇక వలిగొండ వైపు మూసీ గడ్డి మేసిన ఒక గేదెలో సిప్రోఫ్లాక్సాసిన్‌కు లొంగని క్రిమి కనిపిస్తే, అది రైతు వేయించిన సూది వలన వచ్చినదా, నది నీటివలన వచ్చినదా? పట్టికలోని శాతం ఈ రెండింటిని వేరుచేయలేదు. మూసీ ఒడ్డు పశువులను, నదికి దూరంగా దేవరకొండ గుట్టలలో మేసే పశువులను పోల్చి, వాటి క్రిముల జన్యువులను నదిలోని క్రిముల జన్యువులతో సరిచూచినప్పుడు కొంత తెలుస్తుంది. అది తెలియక ముందే రైతును దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు. నది కారణమైతే రైతుకు చెప్పే హితబోధలన్నీ వృథా.

ఐదవ లోటు: అసలు ఏ రోగం?

బాక్టీరియా వలన వచ్చిన రోగానికే ఈ మందులు పని చేస్తాయి. గొర్రెల మందలను ఊడ్చివేసే రోగాలలో పారుడు రోగం, నీలినాలుక వ్యాధి, మశూచి వైరస్‌ల వలన కలుగుతాయి. వాటిపై యాంటీబయాటిక్ మందులకు బలం లేదు. తరువాత తోడయ్యే బాక్టీరియాను అరికట్టడానికి మాత్రమే అవి పనికివస్తాయి. రోగమేదో నిర్ణయించే వసతి లేనిచోట జ్వరమున్న ప్రతి గొర్రెకూ ఒకే సీసాలోని మందు పడుతుంది.

బాక్టీరియా రోగాలలో సైతం మందుకన్న టీకా మిన్నయైనవి ఉన్నవి. తొలకరి వానలకు మొలిచిన లేతగడ్డిని ఆబగా మేసిన గొర్రెలలో చిటుకు రోగం వస్తుంది. పేగులోని క్లాస్ట్రీడియం అనే క్రిమి ఒక్కసారిగా పెరిగి విషాన్ని వెలువరిస్తుంది. సాయంత్రం బాగున్న గొర్రె తెల్లవారేసరికి చచ్చిపడి ఉంటుంది. విషం రక్తంలో చేరిన తరువాత క్రిమిని చంపే మందు చేయగలిగినది స్వల్పం. ముందుగా వేసిన టీకా మాత్రం ప్రాణం నిలుపుతుంది. పశువులకు వచ్చే గొంతువాపు, జబ్బవాపు రోగాలకు సైతం వానలకు ముందే టీకా వేయించవలెను. ఈ టీకాలను హైదరాబాదు శాంతినగర్‌లోని ప్రభుత్వ పశు జీవౌషధ పరిశోధన సంస్థ తయారు చేస్తున్నది. కాని వానలకు ముందటి నెలలలోనే మందలు వలసలో ఉంటాయి. టీకా ఊరికి వచ్చినప్పుడు మంద ఊరిలో ఉండదు.

కనుక టీకా అందిన మందలో వాడిన మందు ఎంత, అందని మందలో ఎంత అని పోల్చి చూచే పరిశోధన ఎంతో విలువైనది. ఒక టీకా ఎన్ని సీసాల మందును ఆదా చేయగలదో అది చెబుతుంది. నిరోధాన్ని కొలిచే పట్టికలలో టీకా ప్రసక్తే లేకపోవడం ఈ శాఖలోని విచిత్రమైన ఖాళీ.

చట్టము, కొలత

నియమాలు లేవని చెప్పరాదు. 2012లో ఔషధ నిబంధనలకు జరిగిన సవరణ ప్రకారం, మందు వాడిన తరువాత ఎన్ని రోజులు ఆ పశువు పాలు, మాంసం వాడరాదో సీసాపై ముద్రించవలెను. ప్రత్యేకంగా నిర్ధారణ కాని పక్షంలో పాలకు, గ్రుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగవలెను. 2015లో చైనాలోని శాస్త్రజ్ఞులు, కొలిస్టిన్ అనే మందును ఎదిరించే జన్యువు ప్లాస్మిడ్‌పై ప్రయాణిస్తున్నదని కనుగొన్నారు. వేరే ఏ మందూ పని చేయనప్పుడు వైద్యులు ఆశ్రయించే ఆఖరి మందులలో కొలిస్టిన్ ఒకటి. 2019 జులైలో భారత ప్రభుత్వం ఆహారానికి పెంచే పశువులకు, కోళ్ళకు, చేపలకు, మేతకు ఈ మందు తయారీని, అమ్మకాన్ని నిషేధించినది.

ఇది మంచి నిర్ణయం. ఐతే నిషేధానికి ముందు తెలంగాణ షెడ్లలో కొలిస్టిన్‌కు లొంగని క్రిములు ఎంతవరకు ఉండేవి, తరువాత ఎంతవరకు తగ్గినవి? అదే షెడ్లను, అదే పద్ధతిలో, ముందు తరువాత కొలిచినప్పుడే దీనికి జవాబు దొరుకుతుంది. ఒక్కసారి తీసిన నమూనాల శాతం, ఒక క్షణంలో తీసిన ఛాయాచిత్రం వంటిది. నడక దిశను అది చూపలేదు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఇంత విస్తారమైన పనికి డబ్బు ఎక్కడిది అని పరిశోధకులు అడగవచ్చును. ఇది సబబైన ప్రశ్న. స్నాతకోత్తర విద్యార్థికి ఉన్న గడువు కొద్దిది; అతని చేతిలోని నిధులు కొద్దివి. జన్యువుల పరీక్ష ఖరీదైనదన్న మాట నిజమే. కాని పైన చెప్పిన లోటులలో కొన్నిటిని పూరించడానికి కావలసినది ఒక నోటుపుస్తకం. నమూనా తీసేటప్పుడు కాపరిని నాలుగు మాటలు అడిగి వ్రాసుకొనడం, ఖాళీ మందుసీసాల పేర్లు నమోదు చేయడం, టీకా వేసిన నెల తెలుసుకొనడం ఏ యంత్రంతోనూ పనిలేనివి. 2017లో తెలంగాణలో ‘1962’ సంఖ్యతో ప్రవేశపెట్టిన సంచార పశువైద్య వాహనాలు పల్లెలకే పోతాయి. అటువంటి ఏర్పాటు ద్వారా వాడిన మందు, చూచిన రోగం ఒకే తీరున నమోదైతే, ఏ ఒక్క విద్యార్థీ సేకరించలేని సమాచారం పోగుపడుతుంది.

కాపరి నిజం చెప్పడని కొందరు అనవచ్చును. అడిగే తీరును పట్టి జవాబు ఉంటుంది. తప్పు పట్టడానికి వచ్చినవారికి ఎవరూ నిజం చెప్పరు. పరీక్ష ఫలితాన్ని తిరిగి తెచ్చి, ఈ మందు నీ మందకు పని చేయదు, డబ్బు వృథా చేసుకొనవద్దు అని చెప్పేవారికి కాపరి తప్పక చెబుతాడు. నమూనా తీసుకొని పోయి మరల ముఖం చూపకపోవడం పరిశోధనకు అపకీర్తి తెచ్చే అలవాటు.

నీటిలోని ఫ్లోరైడును తగ్గించే ‘నల్గొండ పద్ధతి’ ద్వారా ఈ జిల్లా పేరు విజ్ఞానశాస్త్రంలో నిలిచి ఉన్నది. 1970 దశాబ్దంలో నాగపూరు పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన ఈ పద్ధతికి కావలసినవి పటిక, సున్నం. ఊరి నీటిలో ఫ్లోరైడు ఎంత ఉన్నదో కొలవడంతో వారు ఆగిపోలేదు. ఊరివారు చేయగల పని ఏదని అడిగినారు. మందుకు లొంగని క్రిముల విషయంలో అడగవలసిన ప్రశ్న అదే.

పాఠశాలలో విజ్ఞానశాస్త్రం బోధించేవారు, చదువుకునేవారు ఇటువంటి పరిశోధన వార్త పత్రికలలో కనిపించినప్పుడు ఐదు ప్రశ్నలు వేసి చూడవచ్చును. ఎన్ని పశువులను, ఎన్ని మందల నుండి పరీక్షించినారు? అవి ఎక్కడివి? వాటికి అంతకుముందు ఏ మందులు వాడినారు? క్రిమి వేరే దారిన వచ్చే వీలున్నదా? టీకా ఉన్న రోగమా, లేనిదా? జవాబు దొరకని ప్రశ్నలు ఎన్నో లెక్కించితే ఆ పరిశోధన బలం ఎంతో తెలుస్తుంది. శాతం పక్కన మంద వివరం, వాడిన మందు, వేసిన టీకా కూడా చేరిన నాడు ఆ పట్టిక పాలమూరు కాపరికి, మూసీ ఒడ్డు పాడిరైతుకు పనికివచ్చే విజ్ఞానమవుతుంది.